సమ్మెట మాట



మొన్నొక ఆదివారం మా మనవడు క్రికెట్ ఆట చూస్తూ చూస్తూ నా వైపు తిరిగి, "తాతయ్యా, స్లెడ్జింగ్ అంటే ఆడేవాణ్ణి తిట్టడమే కదా! మరి స్లెడ్జ్ అంటే మంచుమీద కుక్కలు లాగే బండి అని మా పుస్తకంలో ఉంది. బండికీ తిట్టుకీ ఏమిటి సంబంధం?" అని అడిగాడు. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. పిల్లలు అడిగిన ప్రశ్నకు "తెలియదు" అనే అలవాటు నాకు లేదు. "మంచుమీద బండి జారినట్టే, అదుపు తప్పిన నోరు కూడా జారుతుంది నాయనా" అని అప్పటికప్పుడు ఒక వ్యుత్పత్తి కల్పించి చెప్పేశాను. వాడు నమ్మి మళ్ళీ ఆటలో పడ్డాడు. నాకే ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. మనవడికి అబద్ధపు వ్యుత్పత్తి చెప్పిన పండితుడికి నిద్ర ఎలా పడుతుంది?

మర్నాడు నిఘంటువులు ముందు వేసుకుని కూర్చున్నాను. మాట మూలం వెతకబోతే నా పాత తప్పొకటి ఎదురయింది. అది చివర్లో చెబుతాను. ముందు మాట సంగతి.

ఇంగ్లీషులో 'స్లెడ్జ్' అన్న రూపంలో రెండు వేరు వేరు మాటలున్నాయి. మంచుమీది బండి 'స్లెడ్జ్' డచ్చి భాష నుండి వచ్చింది; జారడం అనే అర్థమున్న 'స్లైడ్' దాని చుట్టం. రెండవ 'స్లెడ్జ్' అంతకంటే చాలా పాతది. ప్రాచీనాంగ్లంలో దాని రూపం 'స్లెజ్'. అర్థం పెద్ద సుత్తి, అంటే మన సమ్మెట. ఈ రెండింటికీ రక్తసంబంధం లేదు. మన భాషలో 'పాలు' అంటే క్షీరమూ అవుతుంది, వాటాలూ అవుతాయి. రూపం ఒకటైనంత మాత్రాన పుట్టుక ఒకటి కాదు. పిల్లలకు నేనే చెప్పిన ఈ పాఠం నేనే మరిచాను.

ఆ రెండవ స్లెడ్జ్‌కు మూలం ప్రాచీనాంగ్ల క్రియ 'స్లేఅన్'. దాని మొదటి అర్థం కొట్టడం. కొట్టే పనిముట్టు కనుక 'స్లెజ్' అయింది. ఆ క్రియే కాలక్రమాన చంపడం అనే అర్థంలో స్థిరపడి నేటి 'స్లే' అయింది. ఈ కుటుంబం పెద్దది. జంతువధకు వాడే 'స్లాటర్' ఇందులోదే; స్కాండినేవియా దేశాల పాతభాష అయిన నార్సు మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. శత్రువు మీద విరుచుకుపడడాన్ని చెప్పే 'ఆన్‌స్లాట్' డచ్చి మీదుగా వచ్చిన మరో చుట్టం. నన్ను ఆశ్చర్యపరచినది 'స్లై'. కపటి, జిత్తులమారి అని నేడు దాని అర్థం. మొదట్లో అది దెబ్బ కొట్టగల నేర్పరికి చెందిన మాట అట. స్వీడిషు భాషలో నేటికీ సమ్మెట పేరు 'స్లేగ్గా'. ఒలింపిక్స్‌లో విసిరే హ్యామర్‌ను కూడా వాళ్ళు ఆ మాటతోనే పిలుస్తారు.

మరి 'స్లెడ్జ్' అంటేనే సమ్మెట అయినప్పుడు, 'స్లెడ్జ్ హ్యామర్' అని రెండోసారి సుత్తిని తగిలించడం ఎందుకు? పదిహేనో శతాబ్దం చివరికి ఈ జంటపదం వాడుకలోకి వచ్చింది. పాతమాట అర్థం మసకబారినప్పుడు జనం దాని పక్కన తెలిసిన మాటను నిలబెడతారు. మనం 'నడిమధ్య' అనడం లేదూ? నడిమి తెలుగు, మధ్య సంస్కృతం, రెండూ ఒకటే. 'మళ్ళీ రిటర్న్ వచ్చాడు' అని నిన్న మా వీధిలో ఒకాయన అన్నాడు. ఒక్క మనిషి మూడుసార్లు వెనక్కి వచ్చాడన్నమాట.

'హ్యామర్' కథ ఇంకా పెద్దది. నార్సులో దీని రూపం 'హమర్'; సుత్తి అనే అర్థంతో పాటు కొండరాయి అనే అర్థమూ ఉంది. ఇనుము దొరకని కాలంలో మనిషి చేతి సుత్తి రాయే కదా! చాలామంది భాషాశాస్త్రజ్ఞుల అభిప్రాయం ప్రకారం దీని దూరపు జ్ఞాతి మన సంస్కృతంలోని 'అశ్మ'. అశ్మమంటే రాయి. గ్రీకులో ఇదే కుటుంబానికి చెందిన 'అక్మోన్' అంటే దాకలి. సుత్తి ఒక భాషలో, ఆ సుత్తి దెబ్బలు తినే దాకలి మరొక భాషలో, రెండింటికీ తల్లి ఒకే రాయి. పారశీకంలో అదే మాట 'ఆస్మాన్' అయి ఆకాశాన్ని చెప్పింది. ప్రాచీనులు ఆకాశాన్ని రాతికప్పుగా ఊహించారని పండితులు అంటారు. హైదరాబాదులో మలక్‌పేట ప్రాంతాన గుట్టమీద ఆస్మాన్‌గఢ్ అనే భవనం ఉంది. నిజాం రాజ్యంలో 1887 నుండి ప్రధానిగా ఉన్న ఆస్మాన్ జా పేరు మీద అది వెలిసింది. ఆ దారిన వెళ్ళేటప్పుడు పైన ఆకాశమూ, కింద గుట్టరాయీ, పక్కన ఎవరి ఇంటిలోనో మోగే సుత్తీ ఒకే ఇంటి బిడ్డలని గుర్తు చేసుకోండి.

ఇక్కడ నాలోని సంస్కృతాభిమాని ఊరుకోలేదు. 'స్లేఅన్' అనే క్రియ నుండి 'స్లెజ్' పుట్టినట్టు మనకు ఏమైనా ఉందా అని వెతికితే కళ్ళముందే కనిపించింది. 'హన్' ధాతువు. కొట్టడమూ అదే, చంపడమూ అదే. దాని నుండి పుట్టిన 'ఘన' శబ్దానికి పాత అర్థాలలో ఒకటి కొట్టేది, గద, సమ్మెట. ఋగ్వేదంలో వృత్రులను కొట్టే ఇంద్రుణ్ణి ఈ మాటతో చెప్పడం ఉంది. అమరకోశం దీనిని ముద్గరానికి పర్యాయపదంగా చెబుతుంది. హిందీలో నేటికీ కమ్మరి పెద్ద సుత్తి పేరు 'ఘన్'. ఇంగ్లీషు ధాతువూ మన ధాతువూ ఒకటి కావు. ఈసారి ఆ పొరపాటు చెయ్యను. కాని ఆలోచన ఒకటే. రెండు జాతులూ కొట్టడమన్న క్రియనుండే బరువైన సుత్తికి పేరు పెట్టుకున్నాయి. రెండుచోట్లా ఆ క్రియ చంపడం దాకా వెళ్ళింది.

అక్కడినుండి మాత్రం దారులు చీలాయి. సమ్మెట దెబ్బలు తిన్న ఇనుము చిక్కబడుతుంది, గట్టిపడుతుంది. కనుక 'ఘన' మంటే గట్టిది, దట్టమైనది అయింది. 'హన్' నుండి కాఠిన్యమనే అర్థంలో ఘనశబ్దం ఏర్పడుతుందని పాణిని కూడా విధించాడు. దట్టమైన మేఘం ఘనమైంది. గణితంలో పొడవు వెడల్పు ఎత్తు సమానమైన ఆకారం ఘనమైంది. తాళాల వంటి లోహవాద్యాలు ఘనవాద్యాలయ్యాయి. వేదాన్ని దట్టంగా అల్లి చదివే పద్ధతి ఘన అయి, అది చదివినవాడు ఘనపాఠి అయ్యాడు. చివరికి గొప్పతనానికే ఘనత అని పేరు వచ్చింది. నేను ఉద్యోగ విరమణ చేసిన రోజున మా బడివాళ్ళు 'ఘన సన్మానం' అని గుడ్డమీద రాసి కట్టారు. ఆ మాటలో ఒక సమ్మెట దాగి ఉందని ఆనాడు నాకు తట్టి ఉంటే దండలు వేసేవారికి కాస్త ఎడంగా కూర్చునేవాణ్ణి.

ఇంగ్లండులో స్లెడ్జ్‌కు ఇలాంటి గౌరవం దక్కలేదు. అది కార్మికుడి చేతిలోనే ఉండిపోయింది. చరిత్రలో ఒక్కసారి మాత్రం దానికి మనిషి పేరు వచ్చింది. ఆ కథ తప్పక చెప్పుకోవాలి.

యార్క్‌షైరు సీమలో ఉన్నిబట్ట నేసిన తరువాత, పైకి లేచిన నూగును పెద్ద కత్తెరలతో సమంగా కత్తిరించే పనివారు ఉండేవారు. వారిని క్రాపర్లు అనేవారు. ఆ కత్తెర పట్టడానికి ఎంతో బలమూ, ఏళ్ళ తరబడి నేర్పూ కావాలి. పందొమ్మిదో శతాబ్దపు తొలినాళ్ళలో ఆ పని చేసే యంత్రాలు వచ్చాయి. మార్స్‌డెన్ గ్రామంలో ఎనాక్ టేలర్, జేమ్స్ టేలర్ అనే కమ్మరి సోదరులు ఆ యంత్రాలను తయారుచేసేవారు. పెద్ద సమ్మెటలు చేసేదీ వారే. అన్నం పోయిన పనివారు రాత్రిపూట గుంపులుగా వచ్చి, ఆ సోదరుల కొలిమిలోనే పుట్టిన సమ్మెటలతో ఆ సోదరుల యంత్రాలనే పగలగొట్టారు. ఆ సమ్మెటకు 'ఎనాక్' అనే పేరు పెట్టుకున్నారు. చేసినవాడూ ఎనాక్, విరగ్గొట్టేదీ ఎనాక్ అని వారి పరిహాసం. వీరినే చరిత్ర లడ్డైట్లు అంటుంది.

1811లో నాటింగ్‌హామ్ ప్రాంతపు మేజోళ్ళ నేతపనివారితో మొదలైన ఈ ఉద్యమం మరుసటి ఏడు యార్క్‌షైరుకు పాకింది. యంత్రం విరగ్గొట్టినవాడికి మరణశిక్ష విధించే బిల్లు పార్లమెంటుకు వచ్చింది. 1812 ఫిబ్రవరి 27న ప్రభువుల సభలో కవి బైరన్ తన తొలి ప్రసంగంలోనే ఆ బిల్లును ఎదిరించాడు. అయినా చట్టం వచ్చింది. ఆ ఏప్రిల్ 11 రాత్రి రాఫోల్డ్స్ మిల్లు తలుపుల మీద ఎనాక్ దెబ్బలు పడ్డాయి. లోపలినుండి తుపాకులు పేలాయి. తలుపు లొంగలేదు. గాయపడిన ఇద్దరు పనివారు తరువాత చనిపోయారు. 1813 జనవరిలో యార్క్ నగరంలో పదిహేడుమందిని ఉరితీశారు. వారిలో కొందరి మీద హత్యానేరముంది, కొందరిది మిల్లు మీద దాడి. బట్ట మీది నూగు కత్తిరించి బతికిన మనుషుల కథ అలా ముగిసింది. ఈనాడు కంప్యూటరు వాడడం రాని నా వంటి ముసలివాళ్ళను ఎగతాళికి 'లడ్డైట్' అంటారు. అనేవాడికి ఆ పదిహేడుగురి సంగతి, వారి ఆకలి సంగతి తెలియకపోవచ్చు. మాట కూడా ఒక్కొక్కసారి చనిపోయినవాడి మీద మరో దెబ్బ వేస్తుంది.

ఇక మనవడు అడిగిన 'స్లెడ్జింగ్'. ఇది ఆస్ట్రేలియా సృష్టి. 1960లలో ఆటగాళ్ళ నోట పుట్టి, 1970ల నడుమ నుండి అచ్చులో కనిపిస్తుంది. పుట్టుక గురించి రెండు కథలున్నాయి. ఆ జట్టుకు సారథ్యం వహించిన ఇయాన్ చాపెల్ చెప్పేది ఒకటి: అడిలైడ్‌లో ఒక ఆటగాడు ఒక స్త్రీ ఎదుట బూతుమాట అన్నాడట, మనిషివి సమ్మెటలా మోటుగా ఉన్నావని తోటివారు అతన్ని ఎత్తిపొడిచారట. రెండోది పాటల కథ: ఎదుటి జట్టులో ఒకడి ఇంటిగుట్టు తెలిసి, అతడు ఆడడానికి వచ్చినప్పుడల్లా పెర్సీ స్లెడ్జ్ అనే అమెరికా గాయకుడి ప్రేమపాటను వీళ్ళు కూనిరాగం తీసేవారట. ఆ పాట వచ్చింది 1966లో. మొదటి కథలోని కాలం అంతకంటే ముందరిది. ఏది నిజమైనా మూలం స్లెడ్జే. గాయకుడి ఇంటిపేరు కూడా అదే అక్షరాలు. ఎదుటివాణ్ణి బంతితో కాక మాటతో విరగ్గొట్టడానికి సమ్మెట పేరు కుదిరినట్టు మరొకటి కుదరదు.

దీనికి మనం తెల్లబోనక్కరలేదు. తెలుగువాళ్ళం కూడా సుత్తిని మాటగా మార్చిన ఘనులమే. 1982లో జంధ్యాల గారి 'నాలుగు స్తంభాలాట' వచ్చిన తరువాత, ఆపకుండా విసిగించే మాటకు 'సుత్తి' అన్న పేరు రాష్ట్రమంతా స్థిరపడిపోయింది. వీరభద్రరావు, వేలు గార్లకు సుత్తి ఇంటిపేరైంది. ఎంత తేడా చూడండి! ఆస్ట్రేలియావాడు పెద్ద సుత్తి ఎత్తి ఒక్క దెబ్బతో పగలగొడతాడు. మనవాడు చిన్న సుత్తి పట్టుకుని నెత్తిమీద మెల్లమెల్లగా, గంటల తరబడి కొడతాడు. మన సమ్మెట మాత్రం, కన్నడంలోని సమ్మటిగె, తమిళంలోని సమ్మట్టి అనే తోబుట్టువులతో పాటు, కొలిమిలోనే మర్యాదగా ఉండిపోయింది.

ఉండిపోయింది అన్నానా? అదే నా తప్పు సంగతి. సమ్మెటను కొలిమినుండి తరగతి గదిలోకి తెచ్చినవాణ్ణి నేనే.

1988 ప్రాంతం. ఉద్యోగంలో చేరి మూడేళ్ళు. ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాల, తొమ్మిదో తరగతి. పద్యం చదవమని ఒక కుర్రవాణ్ణి లేపాను. ఊరి కమ్మరిగారి అబ్బాయి. సంయుక్తాక్షరాల దగ్గర తడబడ్డాడు. ఒత్తు తప్పాడు, యతి దగ్గర ఆగకుండా మరెక్కడో ఆగాడు. నాకు ఆ వయసులో పద్యమంటే ప్రాణం, ఓపిక తక్కువ. "నాలుకా అది, సమ్మెటా? పద్యాన్ని పచ్చడి చేశావు. నీకు ఇది ఎందుకురా, పోయి మీ నాన్న కొలిమిలో కొట్టుకో" అన్నాను. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాననే జ్ఞాపకం. ఆ అబ్బాయి కూర్చున్నాడు. ఆ తరువాత రెండేళ్ళు నా తరగతిలో వాడు నోరు విప్పి చదవలేదు. లేపితే లేచి, పుస్తకం చూస్తూ నిలబడేవాడు. నేనూ లేపడం మానేశాను.

వాడి తండ్రి అన్నం పెట్టే పనిముట్టును నేను తిట్టుగా వాడాను. ఇంగ్లీషువాడి స్లెడ్జింగ్ గురించి మనవడికి నీతి చెప్పబోయిన నేను, ఆ మాట వినకముందే ఆ పని చేసి ఉన్నాను.

వాడు పదో తరగతి గట్టెక్కాడు. ఆ వేసవిలో మా ఇంటి కత్తిపీట పదును పెట్టించడానికి వాళ్ళ కొలిమికి వెళ్ళాను. ఎవరిదో నాగలి కర్రు ఎర్రగా కాల్చి దాకలి మీద పెట్టారు. తండ్రి ఎడమచేత పట్టుకారు, కుడిచేత చిన్న సుత్తి. కొడుకు చేతిలో సమ్మెట. తండ్రి సుత్తితో కర్రును ఒకచోట ముట్టేవాడు. ఆ మరుక్షణం సరిగ్గా అక్కడే సమ్మెట పడేది. సుత్తి, సమ్మెట, సుత్తి, సమ్మెట. ఒక్క లయ తప్పలేదు. యతిస్థానం నేను అంత స్పష్టంగా ఎవరి పద్యపఠనంలోనూ వినలేదు. చివరికి తండ్రి సుత్తితో ఖాళీ దాకలిని టంగుమనిపించాడు. గాలిలో ఉన్న సమ్మెట అక్కడికక్కడే ఆగి నేలమీదికి దిగింది.

"బరువు వాడిదండీ, జాడ నాది. నే చూపిన చోటే వాడు వెయ్యాల. ఆగమన్నప్పుడు ఆగాల. లేకపోతే కర్రు పోద్ది, నా చెయ్యీ పోద్ది" అన్నాడు ఆయన, నేనేమీ అడగకుండానే.

కుర్రవాడు చెమట తుడుచుకుని, "కూర్చోండి మాస్టారూ" అంటూ పీట వేశాడు. కత్తిపీటకు పదునుపెట్టి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. ఆ పూట నేను చెప్పవలసిన మాట ఒకటే ఉంది. అది చెప్పకుండా, ఎండల గురించి నాలుగు మాటలు మాట్లాడి వచ్చేశాను. ఆ మరుసటి ఏడు నాకు బదిలీ అయింది. తరువాత ఆ ఊరు వెళ్ళలేదు.

బరువైన మాటలు నా దగ్గర చాలా ఉండేవి. చదువుకున్నవాడికి అవి సులువుగా దొరుకుతాయి. ఎక్కడ వెయ్యాలో చూపే చిన్న సుత్తి, ఆగమని చెప్పే ఆ టంగుమన్న చప్పుడు, ఇవి రెండూ ఆనాడు నాకు లేవు. చిన్న పనికి పెద్ద ఆయుధం వాడడాన్ని ఇంగ్లీషువాళ్ళు సమ్మెటతో గింజ పగలగొట్టడం అంటారు. మనం పిచ్చుకపై బ్రహ్మాస్త్రం అంటాం. నేను వేసింది మాత్రం పిచ్చుకమీదే.

నిన్న సాయంత్రం మనవణ్ణి పిలిచి, "మొన్న నేను చెప్పింది తప్పురా. స్లెడ్జ్ బండి వేరు, స్లెడ్జ్ సమ్మెట వేరు. తిట్టుకు సంబంధం సమ్మెటతో" అని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "అంటే మాటతో కొడితే కూడా నిజంగా తగులుతుందా తాతయ్యా?" అన్నాడు.

తగులుతుందనే చెప్పాను. ఎలా తెలుసని అడిగాడు. కమ్మరిగారి అబ్బాయి సంగతి చెప్పాను.

మీ ప్రాంతంలో ఈ పెద్ద సుత్తిని సమ్మెట అనే అంటారా, గూటం అంటారా, మరేదైనా పేరుందా? కొలిమి దగ్గర వాడే ఇతర మాటలు ఎవరికైనా గుర్తుంటే తెలియజేయండి. కొలుములు ఒక్కొక్కటే చల్లారుతున్నాయి. ఆ మాటలనైనా రాసి పెట్టుకుందాం.

సెలవు.